పొద్దున ఆగే పంపు

తమ్ముడు పోయిన కొన్ని నెలలకు మా ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో ఒక అంకె రోజూ పొద్దున మాయమవడం మొదలైంది.

అది ఈటీపీ ట్యాంకులో నీటిమట్టం చూపే అంకె. ఈటీపీ అంటే ఫ్యాక్టరీ వాడి వదిలిన మురుగునీళ్ళను శుద్ధి చేసే చోటు. పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఎవరూ ఆ పేరును విడదీసి పలకరు. మా దాంట్లో అది వెనక ప్రహరీ పక్కన, కంట్రోల్ రూమ్‌కు బాగా దూరంగా ఉంటుంది. అక్కడి మట్టం ఎంత, పంపు నడుస్తోందా ఆగిందా అన్నవి భూమిలో పరిచిన ఒక సన్నని గాజు తీగ మీదుగా మా తెర మీదికి వస్తాయి. తీగకు రెండు చివర్లా ఒక్కో మోడెం. అటుది కరెంటు సంకేతాన్ని వెలుగుగా మార్చి పంపిస్తుంది, ఇటుది ఆ వెలుగును మళ్ళీ కరెంటు సంకేతంగా మారుస్తుంది. వెలుగు అందకపోతే తెర మీద అంకె పోయి, ఆ చోట నక్షత్రాల గుర్తులు వస్తాయి. మట్టం తెలియకుండా పంపు నడిస్తే, నీళ్ళు అయిపోయినా నడుస్తూ కాలిపోవచ్చు. అందుకని వెలుగు కొన్ని క్షణాలపాటు అందకపోతే పంపు దానంతటదే ఆగిపోయేలా పెట్టాం. నేను ఆ పని చూసే ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో ఇంజనీరును.

మొదటి షిఫ్టు మొదలైన కాసేపటికి నక్షత్రాలు వచ్చేవి. పంపు గుర్తు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారేది. కొద్దిసేపటికి అంకె తిరిగి వచ్చేది. అక్కడున్న ఆపరేటరు పంపును మళ్ళీ నడిపేవాడు, గుర్తు ఆకుపచ్చ అయ్యేది. మిగతా రోజంతా ఏ తేడా ఉండేది కాదు.

తమ్ముడు ఆ ఈటీపీలోనే ఆపరేటరు. షిఫ్టు అందుకోగానే వాడు చేసే మొదటి పని, బాగా నడుస్తున్న పంపును ఆపడం. ఆపి, దాని ఒంటి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, మళ్ళీ నడిపేవాడు. ఆ పని ఏ నియమంలోనూ లేదు. వాడు చేరిన కొత్తలో కంట్రోల్ రూమ్ వాళ్ళు తిట్టేవాళ్ళు. మీ తమ్ముడికి చెప్పండి సార్ అని నా మీదికి వచ్చేవాళ్ళు. ఒకసారి ఫోన్ చేసి ఎందుకు ఆపుతున్నావని గట్టిగానే అడిగాను.

"నేను పెట్టని పంపు నా షిఫ్టుల నడవద్దన్నా," అన్నాడు. "రేపు అది కాలితే, ఎవడు పెట్టిండో ఆణ్ణి అడుగుతరా? నన్నే అడుగుతరు."

ఆ తర్వాత అందరూ అలవాటు పడ్డారు. పొద్దున ఆకుపచ్చ గుర్తు ఎర్రబడితే, ఈటీపీలోకి వాడు వచ్చాడని అర్థం. ఇద్దరం ఇంద్రేశంలోని ఒకే ఇంటి నుంచి వచ్చేవాళ్ళం, కానీ వాడి షిఫ్టులు వేరు, నా వేళలు వేరు. ఇంట్లో ఒకరినొకరం చూసుకోని వారాలు ఉండేవి. ఆ ఎరుపు చూసి, చేరుకున్నాడు అనుకుని నా పనిలో పడేవాణ్ణి.

వాడు పోయింది ఫ్యాక్టరీలో కాదు. షిఫ్టు దిగి ఇంటికి వస్తుంటే, వానలో, హైవే అంచున ఏ గుర్తూ పెట్టకుండా ఆపిన లారీ. అంతకన్నా రాయడానికి లేదు.

అందుకని ఆ అంకె మొదటిసారి పోయి, ఎర్ర గుర్తు వచ్చిన పొద్దున నేను కుర్చీలోంచి లేవలేదు. ఈటీపీకి ఫోన్ చేయలేదు. పక్కనున్న ఆపరేటరు నావైపు చూసి మళ్ళీ తెరవైపు తిరిగాడు. మర్నాడూ అదే జరిగింది, ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్ళకు నేను ఆ వేళకు కంట్రోల్ రూమ్‌లో ఏదో ఒక పని కల్పించుకోవడం మొదలుపెట్టాను. నక్షత్రాలు ఉన్నంతసేపు ఊపిరి సన్నగా పీల్చేవాణ్ణి. అంకె తిరిగి వచ్చాక వెళ్ళిపోయేవాణ్ణి.

నేను దయ్యాలను నమ్మను. చదివిన పుస్తకాల్లో చనిపోయినవాళ్ళు తిరిగి వస్తే ఏదో చెప్పడానికి వస్తారు, లేదా ఏదో అడగడానికి. ఇందులో చెప్పేదీ లేదు, అడిగేదీ లేదు. ఒక పంపు ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. వాడు బతికున్నప్పుడు చేసినంతే. అందుకే నమ్మబుద్ధి అయ్యేది. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడి గది వైపు ఎవరూ చూడకుండా తిరగడం అప్పటికే అందరికీ అలవాటైంది.

కారణం అందరికీ తెలిసినట్టే ఉండేది. మోడెం పాతది. దాన్ని చేసిన కంపెనీ ఆ రకం తయారు చేయడం ఎప్పుడో మానేసింది. బాలానగర్‌లో డీలరును అడిగితే, ఆ మోడలు ఇంకా నడుస్తోందా అని ఆశ్చర్యపోయాడు. వేరే కంపెనీది తెప్పించి రెండు చివర్లా మార్చెయ్యమని మా మేనేజరు అన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. పంపు ఆగిన ఏదో ఒక పొద్దున మళ్ళీ నడవకపోతే ట్యాంకు పొంగుతుంది. పొంగితే ఆ నీళ్ళు ప్రహరీ దాటి ఊరి వాగులోకి పోతాయి. అప్పుడు ఫ్యాక్టరీకే తాళం పడుతుంది, పడాలి కూడా.

మార్చాల్సింది నేనే. మార్చితే పొద్దున ఆ ఆగడం ఉండదు. ఈ రెండూ నాకు తెలుసు, ఎవరితోనూ అనలేదు.

కొత్త మోడెం అరచేతిలో పట్టేంత ఉంది. పాతదానికి తీగ చివర గుండ్రంగా ఉండి, తిప్పి బిగించాలి. కొత్తదానికి నాలుగు పలకల ప్లగ్గు, నొక్కితే కూర్చుంటుంది. పాత తీగను కొత్త మోడెంకు కలపడానికి మధ్యలో ఒక పొట్టి తీగ కావాలి. మొదట వచ్చింది సరిపడలేదు. వేరేది రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలు నాకు కలిసొచ్చాయి. మేనేజరు అడిగినప్పుడల్లా తీగ రాలేదని చెప్పేవాణ్ణి. అది నిజమే కాబట్టి చెప్పడం తేలికయ్యేది.

తీగ వచ్చింది. ఒక మధ్యాహ్నం పంపు ఆపడానికి అనుమతి తీసుకుని, మొదట కంట్రోల్ రూమ్ వైపు మోడెం మార్చి, రెండోది పట్టుకుని ఈటీపీకి నడిచాను. తమ్ముడు పోయాక అటు వెళ్ళడం అదే మొదలు. ఎప్పుడు అవసరం వచ్చినా టెక్నీషియన్‌ను పంపేవాణ్ణి.

అక్కడ అందరూ కాక అని పిలిచే పెద్దాయన ఉన్నాడు. బొంతపల్లి దిక్కు మనిషి, కాంట్రాక్టు మీద చాలా ఏళ్ళుగా ఈటీపీలోనే ఉన్నాడు. తమ్ముడితో ఒకే షిఫ్టులో చేసేవాడు. నుదుటి మీద వీరభద్రుడి విభూతి ఎప్పుడూ ఉంటుంది. చిన్నాన్న వరసన నాకూ కాకే. నలుగురిలో నన్ను సారూ అంటాడు.

"ఇన్ని దినాలకు యాదికొచ్చినమా సారూ," అన్నాడు.

పాతబడిన మోడెం మార్చడానికి వచ్చానని చెప్పాను. అది మారిస్తే పొద్దుగాల ఆగుడు బందవుతుందా అని అడిగాడు. అవ్వాలె కాక, అన్నాను. ఆయన తల ఊపాడు గానీ ప్యానెల్ ముందు నుంచి జరగలేదు. ప్యానెల్ అంటే గోడకు ఆనించి నిలబెట్టిన ఇనుప బీరువా లాంటిది, మోడెం అందులోనే ఉంటుంది. లోపలంతా దుమ్ము, జెరసేపు ఆగితే తుడిచి ఇస్తానన్నాడు. వద్దన్నాను. అయితే రేపు మార్చరాదా, అన్నాడు. అనుమతి ఇవాళ్టికే ఉందని చెప్పి, ఆయన పక్కనుంచి చెయ్యి పెట్టి తలుపు పూర్తిగా తెరిచాను.

తలుపు లోపలి వైపు తమ్ముడి మొహం ఉంది.

వాడు పోయినప్పుడు తోటివాళ్ళు గేటు బయట శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. అందులో వాడికన్నా పెద్దగా చుట్టుపక్కల లీడర్ల మొహాలుండేవి. దాన్ని దించేశాక వాడి మొహం వరకు బ్లేడుతో కోసి ఇక్కడ అంటించారు. కోసినచోట ఎవరిదో తెల్ల చొక్కా భుజం ఒక ముక్క మిగిలిపోయింది. కింద, ప్యానెల్ అడుగున, తీగలు వచ్చే కంతలు మూయడానికి వాడే నల్లటి ముద్ద ఒకటి, దానికి గుచ్చి కాలిపోయిన అగరుబత్తి పుల్లలు. లోపలి గోడలకు సన్నగా మసి.

మా ఫ్యాక్టరీలో ఎక్కడా నిప్పు వెలిగించకూడదు. గేటు దగ్గరే అగ్గిపెట్టెలు తీసేసుకుంటారు. బయట పెడితే సేఫ్టీ వాళ్ళు చూస్తారని లోపల పెట్టారన్నమాట. నిప్పు ఎక్కడిదని అడిగితే, నీళ్ళ పరీక్షలు చేసే గదిలోని కరెంటు పొయ్యి వైపు చూపించాడు.

"నాకు చెప్పలేదేం కాక," అన్నాను.

"నువ్వు ఈ దిక్కే రాకపోతివి బిడ్డా."

తర్వాత ఆయనే, తలుపు వైపు చూడకుండా చెప్పాడు. తమ్ముడు పొద్దుగాల వచ్చిపోతాడట. రోజూ వస్తాడట. పంపు తీరు చూసి, ఒక్కసారి ఆపి, పోతాడట. ఈటీపీలో అందరికీ తెలుసట. భయం ఏమీ లేదన్నాడు. బతికున్నప్పుడు భయపెట్టలేదు, ఇప్పుడెందుకు భయపెడతాడు, అన్నాడు.

పాత మోడెం విప్పాను. గాజు తీగ కొనను భూతద్దంలో చూస్తే దాని మీద కూడా మసి పొర ఉంది. పాతబడిన మోడెం, దాని ముందు మసి. వెలుగు అందకపోవడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి అనుకున్నాను. కొనను స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచి, పొట్టి తీగ కలిపి, కొత్త మోడెం బిగించాను. చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేస్తే అంకె వచ్చిందన్నారు. అంత తేలికగా అయిపోయింది. పాత మోడెంను ఏం చేయాలో తెలియక సంచిలో వేసుకున్నాను. ఫొటో తీసెయ్యమని చెప్పలేదు. అగరుబత్తి గురించి చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున తెర ముందు కూర్చున్నాను. ఇక రాదని తెలిసి కూర్చోవడం అది. మొదటి షిఫ్టు మొదలైంది. కాసేపటికి నక్షత్రాలు వచ్చాయి. గుర్తు ఎర్రబడింది.

అప్పుడు నాకు కలిగినదాన్ని సంతోషం అనలేను, భయమని కూడా అనలేను. మోడెం కొత్తది, కొన శుభ్రంగా ఉంది, అయినా పంపు ఆగింది. లోకంలో నాకు తెలిసిన కారణాలన్నీ తీసేశాను, మిగిలింది వాడు. ఆ రోజంతా ఎవరేం మాట్లాడినా సగమే వినిపించింది. కొత్త మోడెం కూడా పాడైందా అని మేనేజరు అడిగాడు. రేపు చూస్తానన్నాను. ఇంటికి వెళ్ళి భోంచేస్తూ, వాడు కూర్చునే వైపు కొంచెం చోటు వదిలి కూర్చున్నానని తర్వాత గమనించాను.

మరుసటి పొద్దున షిఫ్టు మొదలవకముందే ఈటీపీకి వెళ్ళాను. ఈసారి పనిముట్లేమీ తీసుకుపోలేదు. వాడు వచ్చేచోట ఒకసారి ఉండాలనిపించింది, అంతే. కాక నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. తన ప్లాస్టిక్ కుర్చీ నాకు వేసి, పరీక్షల గదిలోకి వెళ్ళాడు. పొగ వస్తున్న అగరుబత్తిని అరచేయి అడ్డం పెట్టి తీసుకొచ్చాడు. ప్యానెల్ తలుపు సగమే తెరిచాడు. దూరం నుంచి ఎవరికీ కనపడకుండా ఆ సందుకు తన ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడ్డాడు. అగరుబత్తి గుచ్చి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు.

నా వెనక పంపు ఆగిపోయింది.

అన్నాళ్ళూ తెర మీద చూసినదానికి చప్పుడు లేదు. ఇక్కడ ఉంది, పంపు మోత సన్నగిల్లి ఆగి, ట్యాంకులో నీళ్ళు గోడకు తగులుతున్న చప్పుడు వినపడటం. కాక కళ్ళు తెరవలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నేను కుర్చీలోనే ఉండి ఆయన వీపు వైపు, ఆయన పట్టుకున్న సగం తెరిచిన తలుపు వైపు చూశాను. అప్పుడు కనపడింది.

గాజు తీగ పొడవు ఎక్కువైనచోట దాన్ని చుట్టగా చుట్టి, లోపల చోటు లేక, మొదట పని చేసిన కాంట్రాక్టరు తలుపుకే కట్టాడు. కట్లు ఏళ్ళ తర్వాత వదులై, చుట్ట జారి కీలు దగ్గరికి వచ్చింది. తలుపు మూసి ఉంటే దానికి ఏమీ కాదు. పూర్తిగా తెరిస్తే, నేను మొన్న తెరిచినట్టు, అది కూడా చాపుకుని బాగానే ఉంటుంది. సగం తెరిచి పట్టుకుంటే మాత్రం కీలు సందులో పడి మడత పడుతుంది. మడత పడిన గాజులో వెలుగు సాగదు. మునుపు ఆ తలుపును ఎవరూ అట్లా సగం తెరిచి నిలబడలేదు. అవసరమే లేదు. ఇప్పుడు రోజూ పొద్దున ఒక మనిషి నిలబడుతున్నాడు.

తమ్ముడు వచ్చి ఆగిన సేపని నేను అనుకున్నది, నిజానికి ఆయన దండం పెట్టుకునే సేపు.

ఆయన తలుపు మూశాడు. పంపు నడిపాడు. నావైపు తిరిగి, చూసినవా, అన్నట్టు కళ్ళెగరేశాడు. నేను లేచి ఆయన్ను పిలిచి, తలుపు సగం తెరిచి పట్టుకున్నాను. పంపు ఆగింది. తలుపు పూర్తిగా తెరిచి, పంపు నడపమన్నాను. నడిచింది. మళ్ళీ సగానికి మూశాను, ఆగింది. తీగ మడత చూపించాను. ఇంకొకసారి చేసి చూపమన్నాడు. చూపించాను. ఆయన దగ్గరికి వచ్చి ఆ మడతను వేలితో తాకాడు.

"అయితే వాడు కాదు," అన్నాడు.

"కాదు కాక."

తలుపు పూర్తిగా తెరిచి, పంపు నడిపి, దాని మోత వింటూ నిలబడ్డాడు.

"తలుపు తెరిచింది వాని కోసమే గద," అన్నాడు చివరికి.

గిట్లనే ఇడిసిపెడితే ఏమైతది బిడ్డా, అని అడిగాడు. ట్యాంకు సంగతి ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పాను. ఒక రోజు పంపు తిరిగి నడవకపోవచ్చు అన్నాను. వింటున్నట్టు తల ఊపి, నా మొహంలోకి చూశాడు.

"అది కాదు అడుగుతున్న. నీకు ఈ ఆగుడు ఉండాల్నా, వద్దా? వద్దంటే తియ్యి."

తలుపు మీద వాడు నవ్వుతున్నాడు. గుర్తింపు కార్డు కోసం దిగిన ఫొటో అది. ఫ్యాక్టరీలో చేరిన రోజు, నా చొక్కా వేసుకుని దిగాడు. కాలరు ఎవరిదో నాకు తెలుసు. కాకను కత్తెర అడిగాను. తెచ్చి ఇచ్చాడు.

తలుపుకున్న కట్లు కత్తిరించాను. తీగను పెద్ద చుట్టగా చుట్టి లోపలి పక్క గోడకు కట్టాను. ఇక ఆ తలుపు ఎంత తెరిచినా, ఎంతసేపు పట్టుకున్నా తీగకు ఏమీ కాదు. ఫొటో ముట్టుకోలేదు. నిప్పు మాత్రం లోపల పెట్టవద్దని చెప్పాను. మరి వెలిగించకుండ పెట్టాల్నా, అన్నాడు కాక. ఊఁ అన్నాను. ఆలోచించి, సరే, వాసన ఉంటది గద, అన్నాడు.

చుట్ట జారి కీలు దగ్గర మడత పడుతోంది, సరిచేశాను అని మేనేజరుకు చెప్పాను. ముందే చూసి ఉంటే మోడెం ఖర్చు తప్పేది కదా అని ఆయన నవ్వాడు. పాతదానికి విడిభాగాలు దొరకవు, ఎప్పటికైనా మార్చాల్సిందే, అన్నాను. అదీ నిజమే.

మర్నాడు పొద్దున తెర ముందు కూర్చోకూడదనుకున్నాను, కూర్చున్నాను. షిఫ్టు మొదలైంది. అంకె పోలేదు. ఉన్నచోటే ఉండి, కొంచెం పెరిగి, కొంచెం తగ్గి, ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో అంత చూపిస్తూ ఉంది. వాడు చనిపోయిన రోజు ఆసుపత్రి బయట నిలబడినప్పుడు కూడా నాకు అంత స్పష్టంగా తెలియలేదు. ఇంక లేడు అనుకున్నాను. లేవబోయాను.

అప్పుడు పంపు గుర్తు ఎర్రబడింది. అంకె అట్లాగే ఉంది, నక్షత్రాలు రాలేదు. పంపు ఒక్కటే ఆగింది. ఎవరో చేత్తో ఆపితే తప్ప అట్లా ఆగదు. కొంతసేపు ఎర్రగా ఉండి, ఆకుపచ్చ అయ్యింది.

నేను ఫోన్ చేయలేదు, కాక కూడా చేయలేదు. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. రోజూ పొద్దున పంపు ఆగేది, నడిచేది. ఆపరేటరు చూసుకుంటున్నాడు, మంచిదే, అని మేనేజరు అన్నాడు.

ఈ మధ్య కాక మోకాళ్ళ నొప్పులకు సెలవు పెట్టాడు. ఆయన లేని మొదటి పొద్దున కూడా గుర్తు ఎర్రబడింది. ఈసారి ఫోన్ చేశాను. ఎత్తింది ఒడిశా నుంచి వచ్చిన నడివయసు మనిషి. కొత్తగా చేరాడు, తమ్ముణ్ణి ఎన్నడూ చూడలేదు. పంపు ఎందుకు ఆపావని హిందీలో అడిగాను. తప్పు చేశాననుకుని కంగారు పడ్డాడు. ఇక్కడ ఇట్లాగే చేస్తారు సాబ్, షిఫ్టు తీసుకోగానే తలుపు తెరిచి అగరుబత్తి పెట్టాలి, వెలిగించకూడదు, తర్వాత పంపు ఒకసారి ఆపి చెయ్యి పెట్టి చూసి నడపాలి, పని నేర్పినప్పుడు అట్లాగే నేర్పారు అన్నాడు. తప్పేమీ లేదన్నాను. ఆయన ఊపిరి తీసుకోవడం వినపడింది.

ఆ తర్వాత, ఒక మాట అడగనా సాబ్, అన్నాడు. తలుపు మీదున్న ఆ ఫొటో ఎవరిది, ఈ ఊరి బాబా ఎవరైనానా?

తెర మీద గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. చెబుతాను, ముందు పంపు పెట్టమన్నాను.